వారానికి ఒకటే విమానం: చలికాలంలో చవకగా బీచ్‌కి

తమ్ముడు: అందరికీ నమస్కారం. ఈ ఎపిసోడ్‌లో నా ఎదురుగా కూర్చున్నది మా అక్క. మంచు బాగా పడే దేశంలో ఉంటుంది. పోయిన జనవరిలో బావని, పిల్లల్ని, వాళ్ల అత్తగారిని తీసుకుని ఒక చవక విమానంలో సముద్రం ఒడ్డుకి వెళ్లి వచ్చింది. వెళ్లింది వారానికి, ఇంటికి చేరింది ఎనిమిదో రోజు దాటాక. అక్కా, ముందు ఒక మాట చెప్పు. మళ్లీ అలాంటి విమానం ఎక్కుతావా?

అక్క: ఎక్కుతాను రా. అందులో సందేహం లేదు. ఆ ధర లేకపోతే మేం ఐదుగురం ఆ సముద్రం చూసేవాళ్లమే కాదు. అత్తయ్య నాలుగు నెలలుగా ఇంట్లోంచి అడుగు బయట పెట్టలేదు. మధ్యాహ్నం నాలుగున్నరకే చీకటి పడిపోయే ఊళ్లో పెద్దవాళ్లకి ఎంత దిగులుగా ఉంటుందో నేను రోజూ చూస్తున్నాను. అందుకే ఆ విమానాలంటే నాకు గౌరవమే. కాకపోతే ఆ చవక ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకుని ఎక్కాలి.

తమ్ముడు: ఎక్కడి నుంచి వస్తుంది? సీట్లు ఇరుకు, తిండి ఉండదు, బ్యాగుకి డబ్బు కట్టాలి. అంతేగా?

అక్క: అందరూ అదే అనుకుంటారు. అది కొంతవరకే నిజం. సీట్ల సంగతి చూడు. బోయింగ్ 737-800 అనే విమానంలో గరిష్ఠంగా 189 మందిని కూర్చోబెట్టొచ్చు. అన్ని సేవలూ ఇచ్చే సంస్థలు అందులో 160, 170 సీట్లు పెడితే, ఈ హాలిడే విమానాల వాళ్లు పూర్తిగా 189 పెడతారు. ముందు సీటుకీ మన సీటుకీ మధ్య దూరం 28 నుంచి 30 అంగుళాలు ఉంటుంది. మోకాళ్లు తగులుతాయి. నాలుగైదు గంటలు ఓర్చుకోవచ్చు. నన్నడిగితే దాని గురించి ఇంతకంటే మాట్లాడక్కర్లేదు.

తమ్ముడు: మరి అసలు సంగతి ఏమిటి?

అక్క: వెసులుబాటు. ఈ విమానాల్లో మనకి దొరకనిది అదే. వాళ్ల దగ్గర అదనపు విమానం ఉండదు, అదనపు సిబ్బంది ఉండరు, టైమ్‌టేబుల్లో అదనంగా ఒక గంట కూడా ఉండదు. ఒకే విమానం తెల్లవారుజామున మన ఊళ్లో బయల్దేరి బీచ్‌కి వెళ్తుంది. గంటలో శుభ్రం చేసి, అక్కడివాళ్లని ఎక్కించుకుని వెనక్కి వస్తుంది. వచ్చీ రాగానే ఇంకో బీచ్‌కి బయల్దేరుతుంది. విమానం నేల మీద నిలబడితే నష్టమే కాబట్టి దాన్ని ఎగరేస్తూనే ఉంటారు. అంతా సవ్యంగా ఉన్న రోజున అద్భుతంగా నడుస్తుంది. పొద్దున ఒక్కచోట రెండు గంటలు ఆలస్యమైతే మాత్రం ఆ రెండు గంటలూ రాత్రి దాకా అందరి నెత్తినా పడతాయి.

తమ్ముడు: మీకు జరిగింది అదేనా?

అక్క: అచ్చంగా అదే. తిరుగు ప్రయాణం రోజు. పొద్దున హోటల్ ఖాళీ చేసి ఎయిర్‌పోర్టుకి వచ్చాం. బయట మంచి ఎండ, ఆకాశంలో మబ్బు తునక లేదు. బోర్డు మీద చూస్తే మా విమానం ఆలస్యం. ఎందుకని కౌంటర్లో అడిగితే మంచు వల్ల అన్నారు. చెమటలు కారుతున్న చోట మంచు అంటే మా చిన్నది నా మొహం వంక చూసింది. మమ్మల్ని తీసుకెళ్లాల్సిన విమానం ఇంకా మా ఊళ్లోనే ఉంది. అక్కడ తెల్లవారుజాము నుంచి మంచు పడుతోంది. దాని రెక్కలు కడగడానికి వరసలో నిలబెట్టారు.

తమ్ముడు: డీ ఐసింగ్ అంటారు, అదే కదా?

అక్క: అదే. రెక్క మీద పలచటి మంచు పొర, ఇసక కాగితం అంత గరుకు ఉన్నా చాలు, గాలి ప్రవాహం చెదిరి విమానాన్ని పైకి లేపే శక్తి తగ్గిపోతుంది. అందుకని గ్లైకాల్ కలిపిన వేడి ద్రవం కొడతారు. మంచు కరిగించేది నారింజ రంగులో ఉంటుంది. మంచు ఇంకా పడుతుంటే మళ్లీ పేరుకోకుండా దాని మీద ఆకుపచ్చ రంగు ద్రవం చిక్కగా పూస్తారు. ఆ పూతకి కూడా గడువుంటుంది. ఆ గడువు లోపల గాల్లోకి లేవకపోతే మళ్లీ మొదటికి రావాలి. ఇందులో ఎవరినీ తప్పుపట్టలేం. వాళ్లు తొందరపడకపోవడమే మనకి క్షేమం.

తమ్ముడు: సరే, ఆలస్యంగానైనా వచ్చింది కదా?

అక్క: వచ్చింది, ఐదు గంటలు లేటుగా. కళ్ల ముందే దిగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను కూడా కోట్లు బయటికి తీసి చేతికి వేసుకున్నాను. అప్పుడు వచ్చింది అనౌన్స్‌మెంట్, సిబ్బంది డ్యూటీ టైమ్ అయిపోయిందని. పైలట్లు, క్యాబిన్ సిబ్బంది ఒక రోజులో ఇన్ని గంటలకి మించి పనిచేయకూడదని చట్టం ఉంది. యూరప్ నిబంధనల్లో మామూలుగా గరిష్ఠం 13 గంటలు, బయల్దేరే వేళనీ ఆ రోజు ఎన్ని విమానాలు నడపాలో దాన్నీ బట్టి ఇంకా తగ్గుతుంది. అలసిన పైలట్ చేతిలో నా పిల్లల్ని పెట్టమని నేను అడగను. కానీ పెద్ద సంస్థ అయితే అక్కడో, పక్క ఊళ్లోనో ఇంకో జట్టు ఉండొచ్చు. వీళ్లకి లేదు. మర్నాడు మధ్యాహ్నం దాకా ఆగాల్సి వచ్చింది.

తమ్ముడు: ఆ రాత్రి ఎక్కడున్నారు?

అక్క: హోటల్ ఇచ్చారు, బస్సు వచ్చేసరికి రాత్రి పదయింది. అదేం పెద్ద కష్టం కాదు రా. నాకు గుండె ఆగినంత పనైంది వేరే విషయంలో. అత్తయ్య బీపీ మాత్రలు. చెకిన్ బ్యాగులో పెట్టేశాను. పొద్దున ఇచ్చేసిన బ్యాగు ఎక్కడుందో ఎవరూ చెప్పలేకపోతున్నారు. సాయంత్రం మాత్ర వేసుకునే వేళ దాటిపోయింది. ఆవిడ ఏమీ అనలేదు, కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చుంది. నేను ఆ కౌంటర్‌కీ ఈ కౌంటర్‌కీ తిరిగాను. రాత్రికి బ్యాగులు బెల్టు మీదకి వచ్చాక తెరిచి చూస్తే ఒక్కటే మాత్ర ఉంది. వారం ప్రయాణం కదా అని సరిగ్గా వారానికే లెక్కపెట్టి పెట్టాను. ఎక్కువ ఒక్కటి కూడా లేదు. మర్నాడు పొద్దున హోటల్ వాళ్లు డాక్టర్‌ని పిలిపించారు కాబట్టి సరిపోయింది.

తమ్ముడు: వినేవాళ్లు ఇది రాసుకోవాలి. మందులు చేతి బ్యాగులోనే ఉండాలి.

అక్క: మూడు నాలుగు రోజులకి ఎక్కువ కూడా పెట్టుకోవాలి. డాక్టర్ చీటీ కూడా. ఆ చీటీ మీద బ్రాండ్ పేరుతో పాటు మందు అసలు పేరు ఉండేలా చూసుకోండి. బ్రాండ్లు దేశానికొక రకం. పవర్ బ్యాంకులు ఎలాగూ చెకిన్ బ్యాగులో పెట్టనివ్వరు, అవి లిథియం బ్యాటరీలు కాబట్టి.

తమ్ముడు: ఇంకో ప్రశ్న. మర్నాడైనా మిమ్మల్ని తీసుకెళ్లారు సరే. అసలు రద్దే చేసేస్తే?

అక్క: అది నిజంగా ఆలోచించాల్సిన విషయం. ఇలాంటి సంస్థలు కొన్ని ఊళ్లకి వారానికి ఒకటో రెండో విమానాలే నడుపుతాయి. సెలవులు శనివారం నుంచి శనివారం కాబట్టి విమానం కూడా అంతే. అది రద్దయితే వాళ్లదే తర్వాతి విమానం వారం తర్వాత. కాబట్టి టికెట్ కొనే ముందు నేను ఇప్పుడు ధర కంటే ముందు చూసేది, ఆ ఊరికి వారానికి ఎన్ని విమానాలున్నాయి, వేరే సంస్థలవి కూడా ఉన్నాయా అని. స్పెయిన్ వాళ్ల కేనరీ దీవుల్లాంటి చోటైతే యూరప్ నుంచి చలికాలం అంతా బోలెడన్ని విమానాలు. ఇంకో దారి దొరుకుతుంది. చిన్న దీవికి ఒక్క సంస్థే వెళ్తుంటే మాత్రం ఆఫీసుకి రెండు రోజులు ఎక్కువ సెలవు చెప్పి వెళ్లడం మంచిది.

తమ్ముడు: ఒక్క చలికాలం కోసమే సంస్థలు ఎలా బతుకుతాయి? వేసవిలో ఆ విమానాలన్నీ ఏం చేస్తాయి?

అక్క: నాకు భలే నచ్చిన విషయం ఇది. కెనడాలో సన్‌వింగ్ అని ఒక హాలిడే విమాన సంస్థ ఉండేది. 2025లో వెస్ట్‌జెట్ అనే ఇంకో విమాన సంస్థలో కలిసిపోయింది. కెనడా వాళ్లకి ఎండ కావాల్సింది చలికాలంలో, అందరూ కరీబియన్ వైపు, మెక్సికో వైపు వెళ్తారు. యూరప్‌లో టూయీ అనే హాలిడే సంస్థకి రద్దీ వేసవిలో. అందుకని చలికాలంలో టూయీ విమానాలు కెనడాకి వచ్చేవి, వేసవిలో సన్‌వింగ్‌వి యూరప్ వెళ్లేవి. ఒకళ్ల ఖాళీ ఇంకొకళ్లకి పని. అమెరికాలో సన్ కంట్రీ అనే విమాన సంస్థ అయితే ఇంకోలా చేసింది, 2020 నుంచి అమెజాన్ సరుకు కూడా మోస్తోంది. పక్షులు రుతువుని బట్టి వలస పోయినట్టే ఈ విమానాలు కూడా.

తమ్ముడు: విమానం లేటైతే పరిహారం వస్తుందంటారు. మీకు వచ్చిందా?

అక్క: అది ఏ దేశం నుంచి ఏ దేశానికి, ఎవరి విమానం అన్నదాన్ని బట్టి ఉంటుంది. యూరప్‌లో 2004 నాటి 261వ నిబంధన ఉంది. మూడు గంటలు, ఆ పైన ఆలస్యంగా చేరితే దూరాన్ని బట్టి 250 నుంచి 600 యూరోల దాకా ఇవ్వాలి. మంచు తుఫాను లాంటి వాటికి ఆ డబ్బు రాదు. కానీ చాలామందికి తెలియనిది ఒకటుంది. కారణం వాతావరణమైనా సరే భోజనం, రాత్రి హోటల్ ఇవ్వాల్సిందే. ఇవ్వకపోతే మితంగా ఖర్చుపెట్టి రసీదులు దాచుకుని అడగాలి. మాది మంచు కేసు, కాబట్టి మాకు గది, భోజనం మాత్రమే దొరికాయి. బ్యాగు రాకపోయినా, పగిలినా ఎయిర్‌పోర్టు దాటకముందే ఫిర్యాదు కాగితం రాయించుకోవాలి. దేశాల మధ్య విమాన ప్రయాణాలకి మాంట్రియల్ ఒప్పందం అని ఉంది, దాని ప్రకారం పగిలిన బ్యాగుకి ఏడు రోజులు, ఆలస్యంగా వచ్చిన బ్యాగుకి 21 రోజులు గడువు. ఆ లోపు రాతపూర్వకంగా అడగాలి.

తమ్ముడు: విమానం ఒక్కటే కొనడం మేలా, హోటల్‌తో కలిపి ప్యాకేజీ మేలా?

అక్క: చలికాలం బీచ్‌కైతే నేను ప్యాకేజీ వైపే. ధర కోసం కాదు. 2017 అక్టోబరులో బ్రిటన్‌లో మోనార్క్ అనే సంస్థ రాత్రికి రాత్రి మూతపడింది. 2019 సెప్టెంబరు 23న థామస్ కుక్ పడిపోయింది, 178 ఏళ్ల పర్యాటక సంస్థ. అప్పుడు విదేశాల్లో ఉన్న దాదాపు 1,50,000 మందిని బ్రిటన్ ప్రభుత్వం విమానాలు అద్దెకి తెచ్చి ఇళ్లకి చేర్చింది. అక్కడ ప్యాకేజీ సెలవులకి అటోల్ అనే రక్షణ నిధి ఉంది, 1973 నుంచి. విమానం టికెట్ ఒక్కటే కొన్నవాళ్లకి మామూలుగా ఆ రక్షణ ఉండదు. మీరుండే చోట అలాంటిది ఏముందో కొనే ముందే కనుక్కోండి. విమానం మారినప్పుడు కూడా, ప్యాకేజీ అయితే హోటల్ గురించి మాట్లాడాల్సిన బాధ్యత వాళ్లది. లేకపోతే హోటల్‌తో మనమే బతిమాలుకోవాలి.

తమ్ముడు: బట్టల సంగతి చెప్పు. ఇక్కడ మంచు, అక్కడ ఎండ. కోట్లు ఏం చేశారు?

అక్క: మొదటిసారి అందరం లావుపాటి కోట్లతో వెళ్లాం. ఐదు కోట్లు మోయడానికే ఒక మనిషి కావాలి. కొరియన్ ఎయిర్ అయితే చలికాలంలో సియోల్ దగ్గరి ఇంచియాన్ ఎయిర్‌పోర్టులో ప్రయాణికుల కోట్లు ఐదు రోజులు ఉచితంగా దాచిపెడుతుంది. చవక సంస్థల దగ్గర అలాంటివి ఆశించకూడదు. ఇప్పుడు పలచటి స్వెటర్లు రెండు, పైన మడిస్తే గుప్పెడయ్యే జాకెట్. విమానంలో కూడా అవే పనికొస్తాయి, దుప్పటికి కూడా డబ్బు అడుగుతారు కదా. చేతి బ్యాగులో ఒక జత పలచటి బట్టలు, చెప్పులు పెట్టుకుంటే పెద్ద బ్యాగు రాకపోయినా మొదటి రోజు సముద్రంలో దిగొచ్చు. బ్యాగు కొలతలు, బరువు మాత్రం ఇంట్లోనే చూసుకోండి. గేటు దగ్గర కట్టే రుసుము ఆన్‌లైన్లో ముందే కట్టేదానికంటే చాలా ఎక్కువ. వాళ్లు టికెట్ ధర తగ్గించగలిగేది కొంతవరకు ఇలాంటి రుసుముల వల్లే.

తమ్ముడు: అత్తయ్య గారికి ఎలా అనిపించింది ఇంతకీ?

అక్క: వెళ్లిన రోజు విమానం తలుపు తీయగానే వెచ్చటి గాలి లోపలికి వచ్చింది చూడు, ఆవిడ మెట్ల మీదే ఆగిపోయింది. వెనకాల జనం ఉన్నారని నేను కంగారుపడుతున్నాను. ఆవిడ శాలువా తీసి నా చేతికిచ్చి, ఒక్క నిమిషం అంది. అంతే. ఆ వారం రోజులూ పొద్దున్నే తనే మమ్మల్ని లేపేది.

తమ్ముడు: వచ్చే చలికాలానికి కొనేశారా?

అక్క: చూసి పెట్టాను. వారానికి మూడు విమానాలున్న ఊరు. శనివారం రాత్రి వస్తాం, ఆఫీసులో మాత్రం బుధవారం వస్తానని చెప్పాను. అత్తయ్య మాత్రల డబ్బా ఈసారి తనే సర్దుకుంటానంది, పన్నెండు రోజులకి.