స్వరరచన నేర్పని స్వరకర్త: జ్యోర్జ్ కుర్తాగ్

సభకు నమస్కారం.

హంగేరియన్ స్వరకర్త జ్యోర్జ్ కుర్తాగ్ గురించి చెప్పేవారు ఆయన రచనలను వివరంగా పేర్కొని, అధ్యాపకత్వాన్ని చివర ఒక్క వాక్యంతో సరిపెట్టడం పరిపాటి. ఆయన విషయంలో ఆ రెంటినీ విడదీయకూడదని నా దృఢమైన అభిప్రాయం. బుడాపెస్ట్‌లోని లిస్ట్ సంగీత అకాడమీలో 1967 నుంచి ఆయన మొదట పియానో, ఆ తరువాత ఏళ్ల తరబడి ఛేంబర్ సంగీతం, అంటే కొద్దిమంది వాద్యకారులు కలిసి వాయించే సంగీతం, బోధించారు. స్వరరచనను మాత్రం పాఠంగా చెప్పలేదు. చేతిలో ఉన్న నాలుగు స్వరాలను నిజంగా వినడం నేర్పితే చాలునన్నది ఆయన పద్ధతి. ఆండ్రాష్ షిఫ్, జోల్తాన్ కోచిష్ వంటి పియానో విద్వాంసులు ఆయన వద్ద నేర్చుకున్నవారే.

కుర్తాగ్ 1926 ఫిబ్రవరి 19న రుమేనియాలోని లుగోజ్ పట్టణంలో జన్మించారు. ప్రసిద్ధ హంగేరియన్ స్వరకర్త బేలా బార్తోక్ అమెరికా నుంచి తిరిగివస్తే ఆయన వద్ద నేర్చుకోవాలన్న ఆశతో కుర్తాగ్, తరువాత తానూ స్వరకర్తగా పేరొందిన జ్యోర్జ్ లిగెటి బుడాపెస్ట్ చేరుకున్నారు. కానీ బార్తోక్ 1945 సెప్టెంబరులో న్యూయార్క్‌లో కన్నుమూశారు. ఆ యువకులిద్దరి మధ్య మొదలైన స్నేహం మాత్రం కడదాకా నిలిచింది. 1947లో కుర్తాగ్ పియానో కళాకారిణి మార్తాను వివాహం చేసుకున్నారు. 2019లో ఆమె మరణించేవరకు ఆయన రాసిన ప్రతిదానికీ తొలి శ్రోత, తొలి విమర్శకురాలు ఆమే.

హంగేరీలో 1956 తిరుగుబాటును సోవియట్ సేనలు అణచివేసిన మరుసటి ఏడాది ఆయన పారిస్ వెళ్లారు. అక్కడ ఫ్రెంచ్ స్వరకర్తలు మెస్సియాన్, మియో తరగతులకు హాజరైనా, మనసు కుంగిపోయి ఏమీ రాయలేని స్థితిలో పడ్డారు. అప్పుడు ఆయనను నిలబెట్టినవారు మరియాన్ స్టెయిన్ అనే మనస్తత్వ నిపుణురాలు. పెద్ద రచనల ఆలోచన పక్కనపెట్టి, రెండు స్వరాలను కలపడంతో మొదలుపెట్టమని ఆమె సూచించారు. ఆ రోజుల్లో ఆయన అగ్గిపుల్లలతో చిన్న చిన్న ఆకారాలు పేర్చేవారు; ఆస్ట్రియన్ స్వరకర్త వెబెర్న్ రచనలను స్వయంగా చేత్తో రాసుకునేవారు. స్వదేశానికి తిరిగివచ్చి 1959లో పూర్తిచేసిన స్ట్రింగ్ క్వార్టెట్‌ను (నాలుగు తంత్రీవాద్యాల రచనను) స్టెయిన్‌కు అంకితమిచ్చారు. అంతకు ముందు రాసినవెన్నో ఉన్నా, తన రచనల వరుసలో దానికే ఒకటో సంఖ్య ఇచ్చారు. ముప్పై మూడేళ్ల వయసులో తన లెక్కను మళ్లీ మొదటినుంచి ప్రారంభించడానికి ఎంత నిజాయితీ ఉండాలో ఆలోచించండి.

బోధన, రచన ఒకటయ్యే చోటు 'యాతేకోక్', అంటే 'ఆటలు'. 1973లో పిల్లల కోసం మొదలైన ఈ పియానో సంపుటాలు తరువాతి దశాబ్దాలలోనూ పెరుగుతూ వచ్చాయి. సాధారణంగా పియానో పాఠం వేలు ఎక్కడ పెట్టాలో వెతుక్కోవడంతో, తాళం లెక్కపెట్టుకోవడంతో మొదలవుతుంది. ఇక్కడ మొదటి రోజునుంచే పిల్లలకు మీటల వరుస మొత్తం అందుబాటులోకి వస్తుంది. అరచేతితో, పిడికిలితో, మోచేతితో వాయించవచ్చు, ఈ చివరినుంచి ఆ చివరికి చేతిని జార్చవచ్చు. ఈ సంపుటాల్లోనే 'మనుషులం పువ్వులమే' అన్న భావాన్ని పేరుగా గల రచనలో ఉన్నవి కేవలం ఏడు స్వరాలు. వేళ్లకు అందులో కష్టమేమీ లేదు. ఒక స్వరం పూర్తిగా వినిపించకముందే తరువాతిదానికి వెళ్లకుండా ఉండడమే కష్టం.

1957లో పారిస్‌లో, లిగెటి సలహాపై చూసిన ఐరిష్ రచయిత శామ్యూల్ బెకెట్ నాటకం 'ఫాఁ ద పార్తీ' ('ఆట ముగింపు')నే ఆయన దశాబ్దాల తరువాత తన తొలి ఒపెరాగా మలిచారు. 2018 నవంబరు 15న మిలాన్‌లోని ఒపెరా మందిరం లా స్కాలాలో అది ప్రదర్శితమైనప్పుడు ఆయన వయసు 92. అనారోగ్యం వల్ల మిలాన్ వెళ్లలేకపోయినా, అంతకు ముందే గాయకులను బుడాపెస్ట్‌కు రప్పించుకుని, తన ఎదుట కూర్చోబెట్టుకుని, అకాడమీ తరగతిలో చేసినట్లే ఒక్కో మాటనూ వారిచేత సాధన చేయించారు.