సీమ మీద పడిన ముద్ర, సీమలో గడిచే రోజులు

సభకు నమస్కారం.

కడప నుంచో అనంతపురం నుంచో ఒక కుర్రవాడు ఉద్యోగానికి హైదరాబాదు వెళ్లి, అద్దె ఇంటి కోసం తిరుగుతూ తన ఊరి పేరు చెప్పినప్పుడు, ఇంటి యజమాని ముఖం ఒక్క క్షణం మారడం రాయలసీమవాళ్లలో చాలామందికి అనుభవమే. ఆ తర్వాత వచ్చే ప్రశ్నలు కూడా మాకు కంఠస్థం. మీ ఊళ్లో ఇంకా బాంబులు వేసుకుంటారా, మీది ఏ పార్టీ, అక్కడికి రాత్రిపూట బస్సులో రావచ్చా? అడిగేవారిలో చాలామందికి చెడ్డ ఉద్దేశం ఉండదు. వాళ్లు చూసిన సీమ అదే, వాళ్లకు చూపించిన సీమ అదే. ఆ ముద్ర మా మనసును నొప్పిస్తుందని చెప్పడానికి మాత్రమే నేను ఇక్కడికి రాలేదు. ఆ ముద్ర వెనక ఒక ప్రాంతపు కరువు, వలస, నీటి గోడు కనిపించకుండా పోయాయని, ఆ నష్టం మనసు నొప్పి కంటే చాలా పెద్దదని చెప్పడానికి వచ్చాను.

2011 జనాభా లెక్కల ప్రకారం పాత కర్నూలు, అనంతపురం, కడప, చిత్తూరు జిల్లాల్లో కలిపి కోటిన్నర మంది ఉన్నారు. ఆదోని వైపు ఇంట్లో కన్నడం, సంతలో తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి. చిత్తూరు దక్షిణపు మండలాల్లో తమిళం వినిపిస్తుంది. కర్నూలు, కడప పట్టణాల్లో ఉర్దూ నిత్యవ్యవహార భాష. కేసీ (కర్నూలు-కడప) కాలువ కింద వరి పండించే నంద్యాల రైతు బతుకూ, కదిరి పక్కన వాన కోసం ఆకాశం వంక చూసే రైతు బతుకూ ఒకటి కావు. తెలుగులో మనకు దొరికిన అతి పాత శాసనాలు, ఆరో శతాబ్దంలో రేనాటి చోళులు వేయించినవి, కడప జిల్లా కలమళ్ల, ఎర్రగుడిపాడుల్లోనే ఉన్నాయి. ఇంత వైవిధ్యం, ఇంత చరిత్ర ఉన్న నేలను ఒకే ఒక మనస్తత్వం కింద కుదించడం ఎలా సాధ్యమైందో ఆలోచించాలి.

ఫ్యాక్షన్ లేదని నేను చెప్పను. ఉంది, ఎన్నో కుటుంబాలను నాశనం చేసింది. అయితే దానికి చెప్పే కారణాల్లో నేను ఒప్పుకోలేనిది ఒకటుంది: అది సీమవాళ్ల రక్తంలోనే ఉందని, పాళెగాళ్ల, అంటే ఒకనాడు ఊళ్లను ఏలిన సాయుధ స్థానిక నాయకుల, వారసత్వమని చెప్పే మాట. 1800లో నిజాం ఈ జిల్లాలను ఇంగ్లీషువాళ్లకు దత్తం చేశాక, కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పాళెగాళ్లను అణచివేసిన మాట నిజమే. కానీ రెండు వందల ఏళ్ల నాటి పాళెగాడికీ, మన కాలంలో ఊళ్లో సారా కాంట్రాక్టు కోసం, గనుల కోసం, పంచాయతీ ఎన్నిక కోసం జరిగిన హత్యకూ మధ్య రక్తసంబంధం వెతకడం బద్ధకపు చరిత్ర. వానలు లేని చోట, పరిశ్రమలు లేని చోట, ఊరి పెత్తనం, చిన్న చిన్న గుత్తలు, ప్రభుత్వ పనులే ఆదాయ మార్గాలైనప్పుడు, వాటిని చేజిక్కించుకోవడానికి సాగిన పోటీకి ఆయుధాలు తోడయ్యాయి. ఆ పోటీలో ఊరు రెండు పార్టీలుగా చీలితే, ఏ పార్టీలోనూ చేరనని చెప్పే స్వేచ్ఛ పేద కుటుంబానికి ఉండేది కాదు. చనిపోయినవారిలో నాయకుల కంటే వారి వెంట తిరిగిన కూలీలు, డ్రైవర్లు, చిన్న రైతులే ఎక్కువ. భర్తలు పోయాక కోర్టు వాయిదాలకు తిరుగుతూ, కొడుకుల్ని దూరపు హాస్టళ్లలో దాచి చదివించుకున్న ఆడవాళ్లు ఆ ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. గత ఇరవై ఏళ్లలో ఆ హింస బాగా తగ్గింది. దాన్ని తగ్గించిన వారిలో, మా పిల్లలకు ఈ బతుకు వద్దని పట్టుబట్టిన ఆ తల్లుల పాత్ర ఎంతో ఉందని నా నమ్మకం.

ఊళ్లలో కక్షలు తగ్గుముఖం పట్టిన రోజుల్లోనే తెరమీద అవి పెరిగాయి. 1990ల చివరి నుంచి దాదాపు పదేళ్లపాటు, వరసగా వచ్చే సుమోలు, గాలిలోకి ఎగిరే వాహనాలు, తెల్లచొక్కాలు, వేటకొడవళ్లు లేకుండా సీమ కనిపించలేదు. ఆ సినిమాల్లో సీమ యాసను ఎక్కువగా ప్రతినాయకుడి నోటికీ, అతని అనుచరుల నోటికీ ఇచ్చారు. సీమలోనే పుట్టినట్టు చెప్పే కథానాయకుడు మాత్రం తరచుగా పుస్తకాల తెలుగులోనో, కోస్తా తెలుగులోనో ప్రేమించి, నీతులు చెప్పేవాడు. ఆ యాసలో ఒక డాక్టరు వైద్యం చేస్తాడని, ఒక టీచరమ్మ లెక్కలు చెబుతుందని, ఒక జేజి మనవరాలిని లాలిస్తుందని చూసేవాళ్లకు తెలియలేదు. వార్తలు రాసే తీరు కూడా దీనికి తోడైంది. పొలం గట్టు దగ్గర తగాదా ముదిరి మరో జిల్లాలో హత్య జరిగితే అది పాతకక్షల హత్య అవుతుంది. అదే మా వైపు జరిగితే ఫ్యాక్షన్ హత్య అవుతుంది. చదివేవారికి మొదటిది ఒక మనిషి చేసిన నేరంగా, రెండోది ఒక ప్రాంతపు స్వభావంగా అర్థమవుతుంది.

ఈ ముద్రకు ఇంకో వైపు ఉంది. దాన్ని గురించి సీమవాళ్లం మనలో మనమే మాట్లాడుకోవాలి. సీమ పౌరుషం, సీమ రోషం, మాట ఇస్తే తల ఇస్తారు అన్న పొగడ్తలను మనం సంతోషంగా ఒంటికి పూసుకున్నాం. పెళ్లి ఫ్లెక్సీల మీద, బైకుల వెనక, కాలేజీ వార్షికోత్సవాల్లో ఆ మాటలు కనిపిస్తాయి. నిందలో ఉన్న మనిషే పొగడ్తలోనూ ఉన్నాడు: కోపం తప్ప మరో భావం లేనివాడు, తొడగొట్టడం తప్ప మరో భాష రానివాడు. పద్దెనిమిదేళ్ల కుర్రవాడికి ఆ వేషం తొడిగి, అదే నీ అసలు రూపమని నమ్మించడం వాడికి మనం చేసే అపకారం.

ఆ కుర్రవాడి ఇంట్లో నిజంగా ఏం జరుగుతుందో చెబుతాను. దేశంలో జైసల్మేరు తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లాగా అనంతపురానికి పేరు. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అక్కడి ఎర్ర నేలల్లో ప్రధానమైన పంట చెనిక్కాయ, అంటే వేరుశనగ. మే, జూన్ నెలల్లో సబ్సిడీ విత్తన కాయల కోసం పంపిణీ కేంద్రాల ముందు తెల్లవారకముందే వరస మొదలవుతుంది. ఎండకు నిలబడలేక పాసుపుస్తకాలను, చెప్పులను వరసలో పెట్టి చెట్టుకింద కూర్చున్న రైతుల్ని మీరు పత్రికల్లో చూసే ఉంటారు. తెచ్చిన కాయల్ని ఇంటిల్లిపాదీ చేతులతో వలుస్తారు. గింజ పైపొర చిట్లితే మొలక రాదు కనుక, వేలి కొసలు పుండ్లు పడినా మెల్లగానే వలవాలి. తర్వాత వాన కోసం ఎదురుచూపు. పదునుకు సరిపడా వాన పడినా ఎర్ర నేల రెండు మూడు రోజులకు మించి తేమ నిలుపుకోదు. ఊరంతా ఒకేసారి గొర్రు కట్టాలి, ఒకేసారి కూలీలు కావాలి, ట్రాక్టరు బాడుగకు దొరకాలి. ఆ రెండు రోజుల్లో ఊళ్లో ఎవరికీ కక్షలు గుర్తుండవు. పక్కింటివాడి ఎద్దుల కోసం, అతని గొర్రు కోసం బతిమాలుకోవడమే ఉంటుంది.

విత్తాక కూడా భరోసా లేదు. పూత వచ్చి ఊడలు నేలలోకి దిగే సమయానికి, సరిగ్గా ఆగస్టులో, వాన మొహం చాటేస్తుంది. బెట్టకు నేల గట్టిపడితే ఊడ దిగదు, ఊడ దిగకపోతే కాయ లేదు. కొన్ని ఏళ్లలో అంతా బాగుండి, పెరికే రోజుల్లో ముసురు పట్టి, కాయ నేలలోనే మొలకెత్తుతుంది, కట్టె కుళ్లి పశువులకు మేతగా కూడా పనికిరాకుండా పోతుంది. కదిరి పరిశోధన స్థానం శాస్త్రవేత్తలు బెట్టను తట్టుకునే రకాలను తయారుచేసి ఇచ్చారు; కదిరి-6 లాంటి రకాలు రాష్ట్రం దాటి వెళ్లాయి. నా దృష్టిలో సీమ గురించి గర్వంగా చెప్పుకోవలసిన పనుల్లో ఇదొకటి. దీని మీద ఒక్క ఫ్లెక్సీ కూడా నేను చూడలేదు.

చెనిక్కాయతో విసిగి చీనీ (బత్తాయి) తోట పెట్టినవాడి కథ మరోలా ఉంటుంది. మొక్క నాటాక కాపుకు నాలుగైదేళ్లు పడుతుంది. అంతవరకు బోరు ఎండకూడదు. ఎండితే మరో బోరు. ఐదు వందల అడుగులు దాటినా పైకి దుమ్మే లేస్తుంటే, ఇంకో వంద అడుగులు వేయించాలా, ఇక్కడితో ఆపాలా అని బండి పక్కన నిలబడి నిర్ణయించుకోవలసిన రైతు దుఃఖం మాటల్లో చెప్పలేనిది. అడుగుకు ఇంత అని లెక్క నడుస్తూనే ఉంటుంది. ఎండిపోతున్న చెట్లను ట్యాంకర్లతో నీళ్లు తోలి కాపాడుకున్నవాళ్లున్నారు. అప్పు మోయలేక తోటను నరికేసి, బెంగళూరులో కాపలాదారులుగా చేరినవాళ్లూ ఉన్నారు.

వలస గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. పడమటి కర్నూలు మండలాల్లో, అంటే కోసిగి, మంత్రాలయం, పెద్దకడబూరు, ఆదోని చుట్టుపక్కల, దీన్ని సుగ్గికి పోవడం అంటారు. ఖరీఫు పంట ముగిశాక కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు వైపు పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి బయలుదేరుతాయి. బియ్యం మూటలు, గిన్నెలు, దుప్పట్లు, కోళ్లు, చంకలో బిడ్డలు, అంతా ఒకే వాహనంలో. ఊళ్లో వీధి పొడవునా తాళాలు. ముసలివాళ్లు మాత్రం అరుగుల మీద మిగులుతారు. అక్కడికి పోయాక పొలం గట్టునో, కల్లం పక్కనో గుడిసె. మిరప ఘాటుకు మంట పుట్టే చేతులతోనే వంట, అవే చేతులతో బిడ్డకు అన్నం. సంక్రాంతి నుంచి వేసవి దాకా బడిలో హాజరు పట్టీ చూస్తే, వరసగా గైర్హాజరు గుర్తులున్న పేర్లన్నీ ఈ పిల్లలవే. కదిరి, రాయచోటి, రాజంపేట వైపు నుంచి ఇళ్లలో పనికి కువైట్ వెళ్లిన ఆడవాళ్లు ఎందరో. వాళ్లు పంపిన డబ్బుతో కట్టిన మిద్దెలు ఆ పల్లెల్లో కనిపిస్తాయి. ఆ మిద్దెల్లో అవ్వల దగ్గర పెరుగుతున్న పిల్లలు అమ్మను ఫోనులో చూస్తారు. తొడగొట్టే సీమకూ, ఈ సీమకూ ఎక్కడా పోలిక లేదు.

సీమలో మతాల మధ్య ఉన్న కలివిడి గురించి కూడా బయట పెద్దగా తెలియదు. ఉగాది నాడు దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడికి ముస్లిం కుటుంబాలు వచ్చి, బీబీ నాంచారి తమ ఇంటి ఆడపడుచని, స్వామి తమ అల్లుడని మొక్కుకుంటాయి. అనంతపురం జిల్లా గూగూడులో మొహర్రం పీర్ల పండుగకు కుళ్లాయిస్వామి పేరు మీద మొక్కుకునే వేలాది మందిలో హిందువులే ఎక్కువ.

ముద్ర వల్ల జరిగిన అసలు నష్టానికి వస్తాను. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇంట్లో కోస్తా, సీమ నాయకుల మధ్య కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక, తుంగభద్ర, కృష్ణ, పెన్న జలాల వాడకంలో పదేళ్ల పాటు, అవసరమైతే ఇంకా ఎక్కువ కాలం, రాయలసీమకు ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది. 1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 1956లో రాజధాని హైదరాబాదుకు వెళ్లింది. నీటి మాట మాత్రం మాటగానే మిగిలింది. శ్రీశైలం ప్రాజెక్టు కింద ఊళ్లకు ఊళ్లు మునిగిన కర్నూలు జిల్లాలోనే నేటికీ కరువు మండలాలున్నాయి. తుంగభద్ర జలాశయం మొదట 133 టీఎంసీల సామర్థ్యంతో కట్టినది. పూడిక వల్ల ఇప్పుడు 105 టీఎంసీలకు తగ్గింది. 2024 ఆగస్టులో ఆ డ్యాం 19వ గేటు కొట్టుకుపోయిన రాత్రి, దాని నుంచి సీమకు నీళ్లు తెచ్చే ఎగువ కాలువ కింది ఊళ్లలో ఎవరూ సరిగా నిద్రపోలేదు.

ఈ విషయాలు ఎత్తగానే వచ్చే ఒక జవాబు ఉంది: ముఖ్యమంత్రులంతా మీవాళ్లే కదా, మీకేం తక్కువ? ఇదీ ముద్రలో భాగమే. నాయకుడి సొంత జిల్లా పేరు చూసి ఆ జిల్లా ప్రజలందరికీ అధికారం దక్కిందనుకోవడం పొరపాటు. పైగా ఆ జాబితా చెప్పేవారు, కర్నూలు దగ్గర పెద్దపాడులో పేద దళిత కుటుంబంలో పుట్టి, 1960లో దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి అయిన దామోదరం సంజీవయ్య గారి పేరును తరచుగా మరిచిపోతారు. మీసం మెలేసిన భూస్వామి బొమ్మలో ఆయన ఇమడరు.

చివరిగా ఒక పని గురించి అడుగుతాను. ఈ సభలో పత్రికల్లో రాసేవారు, విద్యాశాఖలో పనిచేసేవారు ఉన్నారు. సుగ్గికి పోయే కుటుంబాల పిల్లల కోసం సీజనల్ హాస్టళ్ల ఏర్పాటు ఉంది. అవి తల్లిదండ్రులు బండి ఎక్కడానికి ముందే తెరుచుకోవాలి. కుటుంబం వెళ్లిపోయాక తెరిస్తే ఆ పిల్లలు అప్పటికే మిరప తోటల్లో ఉంటారు. ఈ ఏడాది నవంబరులో కోసిగి వెళ్లి, ఏ హాస్టలు ఏ తేదీన తెరిచారో, అందులో ఎంతమంది పిల్లలు చేరారో కనుక్కుని రాయండి. సీమ మీద మీరు రాసే వార్తల్లో అదీ ఒకటి కావాలి.

నమస్కారం.