పెద్ద రేటింగ్ ఎదురుగా కూర్చున్నప్పుడు

అందరికీ నమస్కారం. మన హైదరాబాద్‌లో ఏ ఓపెన్ చెస్ టోర్నీకి, అంటే ఎవరైనా ఆడగలిగే టోర్నీకి వెళ్లినా, మొదటి రౌండ్ పెయిరింగ్స్ (ఎవరితో ఎవరు ఆడాలో చెప్పే జాబితా) రాగానే పిల్లలు ముందు చూసేది ప్రత్యర్థి రేటింగే, అంటే అతని బలాన్ని చెప్పే అంకె. స్విస్ పద్ధతిలో రేటింగ్ జాబితాను రెండు సగాలు చేసి, పై సగాన్ని కింది సగంతో ఆడిస్తారు. అందుకే చిన్నవాళ్లకు తొలి గేమే పెద్దవాళ్లతో పడుతుంది. టెన్షన్ అక్కడే మొదలు.

ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే పట్టిక ప్రకారం రేటింగ్‌లో 400 పాయింట్ల తేడా ఉంటే, వంద గేముల్లో బలమైన ఆటగాడికి దాదాపు 92 పాయింట్లు రావాలి. తల్లిదండ్రులు ఆ 92 చూసి దిగులుపడతారు. నేను మాత్రం మిగతా ఎనిమిది ఎలా వస్తాయో పిల్లలకు చెబుతాను.

భయపడ్డ పిల్లలు ఎదురైన పావునల్లా ఒకదానికొకటి ఇచ్చిపుచ్చుకుని డ్రా అడుగుదామనుకుంటారు. బలమైనవాడికి కావలసింది అదే. ఆట చిక్కుగా ఉంటే అతనూ లెక్కలు వేసుకోవాలి, అతని క్లాకూ కరుగుతుంది.

అలాగని ఎండ్‌గేమ్, అంటే కొన్ని పావులే మిగిలిన చివరి దశ, నేర్చుకోకపోతే కుదరదు. ఇక్కడి ఒక టోర్నీలో పన్నెండేళ్ల పాప నల్లపావులతో ఓడిపోయే స్థితిలో ఉంది. తనకు రాజు కాక గుర్రం ఒక్కటే మిగిలింది. అవతల తెల్లగళ్ల బిషప్ (తెల్లగళ్ల మీదే నడిచేది), రెండు బంట్లు. ఆ పాప గుర్రాన్ని ఇచ్చేసి జీ నిలువు వరుసలోని బంటును కొట్టింది. చూస్తున్నవాళ్లు అయ్యో అన్నారు. పాప మాత్రం రాజును గబగబా హెచ్8 మూలకు నడిపించింది. ఆ మూల నల్లగడి, తెల్లగళ్ల బిషప్‌కు అందదు. మిగిలిన హెచ్ బంటు ఎంత ముందుకొచ్చినా రాజును అక్కణ్ణుంచి కదిలించలేరు, గట్టిగా బిగిస్తే స్టేల్‌మేట్, అంటే చెక్ లేకుండానే ఎత్తు మిగలక డ్రా. ప్రత్యర్థి చాలాసేపు ప్రయత్నించి, డ్రాకు ఒప్పుకుని చెయ్యి చాపాడు.

పద్దెనిమిదేళ్లలోపు, 2300 కన్నా తక్కువ రేటింగ్ ఉన్నవాళ్లకు స్టాండర్డ్ (ఎక్కువ సమయం ఇచ్చే) గేముల్లో కే విలువ, అంటే ఒక ఫలితానికి రేటింగ్ ఎంత మారాలో నిర్ణయించే అంకె, 40. 400 ఎక్కువున్న ఆటగాడితో డ్రా చేస్తే రేటింగ్‌కు దాదాపు 17 పాయింట్లు కలుస్తాయి. పైవాళ్లకు అదే డ్రా నష్టం. అందుకే చాలామంది పెద్ద గ్రాండ్‌మాస్టర్లు ఓపెన్‌లకు దూరంగా ఉంటారు. మన వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసి ఆ భయం లేకుండా ఓపెన్‌లు ఆడుతూనే 2024 డిసెంబరు ఫిడే జాబితాలో 2801 రేటింగ్‌కు చేరాడు. అది నాకెంతో నచ్చిన విషయం.

పాప కాపాడుకున్న పొజిషన్‌ను ఈ బల్ల మీద పేర్చి ఉంచాను. పిల్లలూ, ఇద్దరిద్దరుగా రండి. ఒకరు తెల్లపావులతో గెలవడానికి చూడండి, ఇంకొకరు మూలను కాపాడండి.