విన్నమాటను ఊరికే నమ్మని నాలుగు పుస్తకాలు

నమస్తే, అస్సలాము అలైకుమ్.

ఇస్లాం గురించి మనకు తెలిసిందంతా ఎక్కువగా విన్నదే. వాట్సాప్‌లో వచ్చింది, టీవీ చర్చలో ఎవరో గొంతు చించుకుని చెప్పింది, రంజాన్‌కి పక్కింటివాళ్లు షీర్‌ఖుర్మా ఇచ్చి వెళ్తూ గుమ్మం దగ్గర మాట్లాడిన నాలుగు ముక్కలు. ముస్లిం ఇళ్లలో పుట్టినవాళ్లకి కూడా పెద్ద తేడా లేదు, చిన్నప్పుడు మసీదులో పాఠం చెప్పే హజ్రత్ చెప్పింది, దాదీమా చెప్పింది, అదే జీవితాంతం నడుస్తుంది. కానీ ఇస్లామీయ సంప్రదాయంలో గొప్పవాళ్లుగా చెప్పుకునే రచయితల్లో కొందరు అందరికన్నా ఎక్కువ గొడవపడింది ఈ "విన్నమాట"తోనే. వినగానే వేగపడకుండా, ఇది నిజమా, నాకెలా తెలుసు అని కూర్చుని తేల్చుకున్నారు. అలాంటి నాలుగు పుస్తకాల గురించి ఈ వీడియో.

(తెర మీద మ్యాప్: గజనీ, బాగ్దాద్, అల్జీరియా కొండలు, ఢిల్లీ)

మొదటిది అల్-బిరూనీ భారతదేశం మీద రాసిన పుస్తకం, వాడుకలో కితాబుల్ హింద్ అంటారు. ఈ పుస్తకం మొదలయ్యేదే విన్నదీ కళ్లారా చూసిందీ ఒకటి కాదు అనే మాటతో.

బిరూనీ 973లో ఖ్వారజ్మ్‌లో పుట్టాడు, ఇప్పటి ఉజ్బెకిస్తాన్ వైపు. 1017లో గజనీ మహమూద్ ఆ రాజ్యాన్ని పట్టుకున్నప్పుడు ఈయన్ని కూడా గజనీకి తీసుకెళ్లాడు. అంటే తన ఇష్టంతో వచ్చిన యాత్రికుడు కాదు, గెలిచిన రాజు వెంట తెచ్చుకున్న పండితుడు. అయినా ఏం చేశాడో చూడండి. సంస్కృతం నేర్చుకున్నాడు, పండితుల దగ్గర శిష్యుడిలా కూర్చున్నాడు, పుస్తకాల కోసం డబ్బు ఖర్చుపెట్టాడు, సాంఖ్యాన్నీ పతంజలినీ అరబీలోకి తెచ్చాడు. 1030 ప్రాంతంలో 80 అధ్యాయాలతో ఈ పుస్తకం పూర్తిచేశాడు. ఇది వాదనల పుస్తకం కాదు, హిందువులు ఏమంటున్నారో వాళ్ల మాటల్లోనే మీ ముందు పెడతాను అని ముందే చెప్పాడు. మహమూద్ దండయాత్రల వల్ల ఈ దేశపు సంపద నాశనమైందని, జనం దుమ్ములా చెదిరిపోయారని, అందుకే వాళ్లకి ముస్లింలంటే అంత ద్వేషమని కూడా రాశాడు. మన పండితుల్ని కూడా వదల్లేదు, తమ దేశం లాంటి దేశం లేదు, తమ శాస్త్రం లాంటి శాస్త్రం లేదు అనుకుంటారని విసుక్కున్నాడు, వెంటనే వీళ్ల పూర్వీకులు ఇలా ఉండేవాళ్లు కాదంటూ యవనుల, అంటే గ్రీకుల శాస్త్రాన్ని గౌరవించాలన్న వరాహమిహిరుణ్ణి చూపించాడు. ఈ నిజాయితీ కోసమే నేను ఆయన్ని మొదట పెట్టాను.

ఇక్కడ హైదరాబాద్ వాళ్లు గర్వంగా చెప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఈ పుస్తకం అరబీ మూలాన్ని 1958లో అచ్చువేసింది మన ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్‌లోని దాయిరతుల్ మారిఫ్. ఆ సంస్థ 1888లో మొదలైంది, చేతిరాతల్లో మిగిలిపోయిన అరబీ గ్రంథాల్ని వెతికి, ప్రతులు పోల్చి చూసి, తప్పులు సరిదిద్ది అచ్చువేయడమే దాని పని. కైరోలోనో డమాస్కస్‌లోనో ఒక పరిశోధకుడు పాత గ్రంథం తెరిస్తే అట్ట మీద "హైదరాబాద్, దక్కన్" అని కనిపించడం మామూలు విషయం. మనలో చాలామంది మాత్రం ఆ గేటు ముందు నుంచి బస్సులో వెళ్లిపోతూనే ఉంటాం, లోపల ఏముందో తెలీకుండా.

ఇప్పుడు గజాలీ. నాకు బాగా ఇష్టమైన పుస్తకం, కాబట్టి కాసేపు ఇక్కడే ఉంటాను.

(తెర మీద: బాగ్దాద్, 1095)

అబూ హామిద్ గజాలీ 1058లో ఇరాన్‌లోని తూస్‌లో పుట్టాడు. తండ్రి ఉన్ని వడికే మనిషి, పిల్లలు చిన్నగా ఉండగానే పోయాడు, పోయేముందు ఇద్దరు కొడుకుల్ని సూఫీ అయిన స్నేహితుడికి అప్పగించాడు. అలాంటి ఇంటినుంచి వచ్చిన కుర్రాడు 1091లో, అంటే 33 ఏళ్లకే, బాగ్దాద్ నిజామియా మదరసాలో ప్రధాన ఆచార్యుడయ్యాడు. ఆ రోజుల్లో అంతకన్నా పెద్ద ఉద్యోగం ఒక పండితుడికి లేదు. 300 మంది విద్యార్థులకి పాఠం చెప్పేవాణ్ణని ఆయనే రాసుకున్నాడు.

ఆ రాసుకున్న పుస్తకం పేరు అల్-మున్ఖిద్ మినద్-దలాల్, తప్పుదారి నుంచి గట్టెక్కించేది అని అర్థం. చిన్న పుస్తకం, ఆదివారం ఒక్క పూటలో చదివేయొచ్చు. అందులో అడిగే మొదటి ప్రశ్నే గట్టిది: క్రైస్తవుల పిల్లలు క్రైస్తవులుగా, యూదుల పిల్లలు యూదులుగా, ముస్లింల పిల్లలు ముస్లింలుగా పెరగడమే చూస్తున్నాను, మరి నేను నమ్మేది నిజం కాబట్టి నమ్ముతున్నానా, మా ఇంట్లో పుట్టాను కాబట్టి నమ్ముతున్నానా? ఇలా పెద్దలు చెప్పారని నమ్మడాన్ని తఖ్లీద్ అంటారు. దాన్ని గాజుతో పోల్చాడు. ఒకసారి పగిలిందా, ఇక అతుకులు వేయడం కుదరదు, మళ్లీ కొలిమిలో కరిగించి కొత్తగా పోయాల్సిందే.

సరే, పెద్దల మాట వదిలేశాడు, కళ్లని నమ్ముదాం అనుకున్నాడు. కళ్లకి నక్షత్రం ఒక దీనారు నాణెం అంత కనిపిస్తుంది, గణితం చూస్తే అది భూమికన్నా పెద్దదని తేలుతుంది. నీడ కదలట్లేదనిపిస్తుంది, గంట తర్వాత చూస్తే జరిగి ఉంటుంది. కళ్లు అబద్ధం చెప్పాయి. పోనీ బుద్ధిని నమ్ముదామంటే, కళ్ల తప్పు పట్టుకోవడానికి బుద్ధి వచ్చినట్టే, బుద్ధి తప్పు పట్టుకునేది ఇంకోటి దాని పైన లేదని గ్యారంటీ ఏంటి? కలలో ఉన్నంతసేపూ కల నిజమే కదా. దాదాపు రెండు నెలలు దేన్నీ నమ్మలేని స్థితిలో ఉండిపోయానని రాశాడు, బయటికి మాత్రం ఎవరికీ చెప్పలేదు. అందులోంచి తనని బయటపడేసింది తర్కం కాదు, దేవుడు గుండెలో వేసిన వెలుగు అంటాడు.

కానీ అసలు దెబ్బ తర్వాత తగిలింది. 1095లో, నేను చెప్పే పాఠం దేవుడి కోసమా, పేరు కోసమా అని తనని తాను ప్రశ్నించుకున్నాడు, జవాబు పేరు కోసమే అని వచ్చింది. వదిలేసి వెళ్లిపోదామని పొద్దున అనుకోవడం, సాయంత్రానికి మనసు మార్చుకోవడం, ఇలా ఆరు నెలలు. చివరికి ఒకరోజు క్లాసులో నోరు పెగల్లేదు. ఒక్క మాట కూడా. అన్నం సహించలేదు, ఒళ్లు చిక్కిపోయింది. వైద్యులు చూసి ఇది మనసులో మొదలై ఒంటికి పాకిన జబ్బు, మా మందులకి లొంగదు అని చేతులెత్తేశారు. ఈ రోజుల్లో ఉద్యోగం టెన్షన్‌లో ఉన్న ఏ మనిషి ఈ పేజీ చదివినా తనని తాను చూసుకుంటాడని నాకు నిజంగా అనిపిస్తుంది, ఎందుకంటే తొమ్మిది వందల ఏళ్ల కిందటి ఒక మహాపండితుడు తన కుప్పకూలడాన్ని ఇంత నిర్మొహమాటంగా రాసి పెట్టడం చాలా అరుదు.

ఉన్న ఆస్తి పంచేసి, పిల్లల పోషణకి సరిపడా మాత్రం ఉంచి, మక్కా వెళ్తున్నానని చెప్పి డమాస్కస్ దారి పట్టాడు. అక్కడి పెద్దమసీదు మినార్ ఎక్కి, తలుపు వేసుకుని రోజంతా లోపలే ఉండేవాడు. తర్వాత జెరూసలేం, మక్కా, మదీనా. ఆ ఏళ్లలో తయారైందే ఇహ్యా ఉలూమిద్దీన్, 40 భాగాల మహాగ్రంథం. నమాజు, ఉపవాసం మాత్రమే కాదు, ఎలా తినాలి, స్నేహం ఎలా చేయాలి, కోపం, అసూయ, గొప్పలు చెప్పుకోవడం అన్నీ ఉంటాయి. అందరూ ముందు దాన్నే సిఫార్సు చేస్తారు, నేను మాత్రం చిన్నది చదవకుండా పెద్దది తెరవొద్దంటాను, ఎందుకంటే ఆ మనిషి ఎక్కడ పడిపోయాడో తెలిస్తేనే ఎందుకంత వివరంగా రాశాడో అర్థమవుతుంది. మున్ఖిద్‌లోనే ఒక పోలిక ఉంది: ఆరోగ్యం అంటే ఏమిటో నిర్వచనం తెలియడం వేరు, ఆరోగ్యంగా ఉండటం వేరు. సూఫీ మార్గం గురించి ఆయన చెప్పేదంతా ఆ ఒక్క వాక్యంలో ఉంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. గజాలీ మాటలన్నీ ఒప్పుకోవాలని లేదు. తత్వవేత్తల మీద ఆయన చాలా కఠినంగా రాశాడు, మూడు విషయాల్లో వాళ్లు మతం దాటిపోయారన్నాడు. సుమారు ఎనభై ఏళ్ల తర్వాత స్పెయిన్‌లో ఇబ్న్ రుష్ద్ అనే తత్వవేత్త దానికి ఒక్కో పాయింటుకీ జవాబు రాశాడు. ఇస్లామీయ ఆలోచన అంటే ఒకే గొంతు కాదని తెలియాలంటే ఆ వాదన గురించి తెలుసుకోండి.

మూడో పుస్తకం ఇబ్న్ ఖల్దూన్ ముఖద్దిమా. ముఖద్దిమా అంటే పీఠిక, ముందుమాట. పెద్ద చరిత్ర గ్రంథానికి రాసిన ముందుమాట ఆ చరిత్రకన్నా పేరు తెచ్చుకుంది.

ఈయన 1332లో ట్యునిస్‌లో పుట్టాడు. పదిహేడేళ్లు నిండేలోపు ప్లేగు వచ్చి తల్లినీ తండ్రినీ, పాఠం చెప్పిన గురువుల్లో చాలామందినీ తీసుకెళ్లిపోయింది. తర్వాత పాతికేళ్లు రాజుల కొలువులే, ఫెజ్, గ్రనాడా, బిజాయా, మధ్యలో దాదాపు రెండేళ్లు జైలు. విసిగిపోయి 1375లో అల్జీరియా కొండల్లో ఖల్అత్ ఇబ్న్ సలామా అనే కోటలో కుటుంబంతో కూర్చుండిపోయాడు. 1377లో అయిదు నెలల్లో ముఖద్దిమా మొదటి ప్రతి రాశాడు.

ఆయన కోపమంతా చరిత్రకారుల మీద. పాత పుస్తకంలో ఉంది కదా అని అంకెలు దించేస్తున్నారు, మూసా (మోషే) ప్రవక్త సైన్యం ఆరు లక్షలు అని రాస్తున్నారు, అంతమంది ఒక చోట నిలబడితే ఈ చివర ఏం జరుగుతోందో ఆ చివరకి తెలుస్తుందా, నాలుగు తరాల్లో ఒక కుటుంబం అంత పెరుగుతుందా అని అడిగాడు. చెప్పినవాడు మంచివాడా అని చూడటం ఒక్కటే చాలదు, చెప్పిన విషయం అసలు జరిగే వీలుందా అని కూడా చూడాలి అన్నాడు. మన ఊళ్లలో రాజుల కథలు, కోటల కథలు విన్నప్పుడల్లా నాకు ఇది గుర్తొస్తుంది.

రాజ్యాలు ఎందుకు పడిపోతాయి అన్నదానికి ఆయన వాడిన మాట అసబియ్యా. ఒకరికోసం ఒకరు నిలబడే ఆ కట్టుబాటు అనుకోండి. కష్టంలో ఉన్న తెగకి అది ఎక్కువ, గెలిచి పట్నంలో స్థిరపడ్డాక సుఖాలు అలవాటై తగ్గుతుంది, సుమారు మూడు తరాలు, 120 ఏళ్లలో ఖర్చైపోతుంది. పన్నుల గురించి కూడా ఇలాగే: రాజ్యం మొదట్లో పన్ను తక్కువ, వసూలు ఎక్కువ, చివర్లో పన్ను ఎక్కువ, వసూలు తక్కువ. అన్ని రాజ్యాలకీ ఈ లెక్క సరిపోదు, కానీ 14వ శతాబ్దంలో చరిత్రని ఇలా కారణాలతో ఆలోచించిన పద్ధతి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. నల్లజాతి ప్రజల గురించి ఆయన రాసినవి మాత్రం చదువుతుంటే బాధేస్తుంది. విన్నమాట మీద అంత పోరాడిన మనిషి అక్కడ విన్నమాటనే రాసేశాడు. ఇంగ్లీషులో రోజెంతాల్ అనువాదం మూడు సంపుటాలు, దాన్నే కుదించిన ఒక్క సంపుటం కూడా ఉంది, మొదటిసారికి అది చాలు.

చివరిది మనకి బాగా దగ్గరిది, చదవడానికి మాత్రం దీన్నే ముందు తీసుకోండి.

(తెర మీద: ఢిల్లీ, గియాస్‌పూర్, 1308)

అమీర్ హసన్ సిజ్జీ కవి, అమీర్ ఖుస్రో స్నేహితుడు, సైన్యంలో కొలువు. ఢిల్లీలోని సూఫీ గురువు హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా దగ్గరికి వెళ్లి కూర్చునేవాడు. 1308 జనవరిలో ఆయన మాటల్ని రాయడం మొదలుపెట్టాడు, 1322 దాకా 188 మజ్లిస్‌లు, అంటే ఆయన దగ్గర జరిగిన కూర్చోళ్లు, ఏ రోజు ఏం మాట్లాడారో తేదీతో సహా. అదే ఫవాయిదుల్ ఫువాద్, ఫారసీ గ్రంథం. ఇందులో పెద్ద సిద్ధాంతాలు కనిపించవు. ఎవరో వస్తారు, కూర్చుంటారు, మాట కలుస్తుంది, ఒక కథ వస్తుంది.

ఒకసారి హసన్‌కి జీతం ఆగిపోయింది, దిగులుగా ఉన్నాడు. షేక్, అంటే నిజాముద్దీన్, ఒక బ్రాహ్మణుడి కథ చెప్పాడు. ఆయనకి బోలెడు ఆస్తి, ఊరి అధికారి మొత్తం లాగేసుకున్నాడు. స్నేహితుడు ఎదురై ఎలా ఉన్నావంటే, హాయిగా ఉన్నాను అన్నాడు. అంతా పోయింది కదా, హాయి ఎక్కడిదయ్యా అంటే, నా జందెం నా దగ్గరే ఉంది కదా అన్నాడు. ఒక ముస్లిం సూఫీ, ముస్లిం శిష్యుడికి ధైర్యం చెప్పడానికి ఎన్నుకున్న మనిషి ఒక బ్రాహ్మణుడు. నాకు ఈ మజ్లిస్ ఎన్నిసార్లు చదివినా గొంతు పట్టేస్తుంది.

ఇంకోచోట సేవ రెండు రకాలంటాడు, లాజిమీ, ముతఅద్దీ. ఈ మాటలు అరబీ వ్యాకరణంలోవి, మన స్కూల్ తెలుగులో చెప్పాలంటే అకర్మకం, సకర్మకం. నమాజు, ఉపవాసం, హజ్ వీటి ఫలం చేసినవాడికే, అది అకర్మకం. ఆకలైనవాడికి అన్నం పెట్టడం, ఒకరి మనసు కుదుటపరచడం ఇంకొకరికి చేరుతుంది, అది సకర్మకం, దాని ప్రతిఫలానికి లెక్కే లేదు అంటాడు. ముళ్లు పెట్టినవాడికి తిరిగి ముళ్లే పెడితే లోకమంతా ముళ్లే అన్న మాట కూడా ఈ పుస్తకంలోదే.

హసన్ తర్వాత దక్కన్ వచ్చేశాడు, ఆయన సమాధి దౌలతాబాద్ దగ్గర ఖుల్దాబాద్‌లో ఉంది. ఒకప్పటి హైదరాబాద్ సంస్థానంలోని ఊరే అది.

మొదట్లో సుమారు ఏడాదిపాటు హసన్ తాను రాస్తున్నట్టు షేక్‌కి చెప్పలేదు. ఒకరోజు భయపడుతూనే చెప్పి, కాగితాలు ముందు పెట్టాడు. నేను కూడా మా గురువు బాబా ఫరీద్ మాటలు ఇలాగే రాసుకునేవాణ్ణి అన్నాడు షేక్, తీసుకుని చదివాడు, బాగా రాశావన్నాడు. మధ్యమధ్యలో ఖాళీలు కనిపించాయి. ఇవేంటి అని అడిగాడు. అక్కడ మీరన్న మాట నాకు సరిగ్గా గుర్తులేదు, అందుకే ఏమీ రాయకుండా వదిలేశాను అన్నాడు హసన్. షేక్ ఒక్కో ఖాళీ దగ్గరా ఆగి, అప్పుడు తానన్న మాట మళ్లీ చెప్పి పూర్తి చేయించాడు.