లైసెన్స్ అడగని పడవ: గ్రీస్‌లో 30 హెచ్‌పీ సంగతి

మరిది: అందరికీ నమస్కారం. సెలవులకి విదేశాలకి వెళ్ళి మోటారు బోటు అద్దెకి తీసుకోవాలంటే ఏ లైసెన్స్ కావాలో ఈసారి మాట్లాడుకుందామని పోయిన ఎపిసోడ్‌లోనే మాటిచ్చాం. వదినా, గ్రీస్‌తో మొదలెడదామా?

వదిన: మొదలెట్టు. కానీ ముందు ఎర్రతాడు సంగతి చెప్పనీ.

మరిది: అప్పుడేనా! అది ఎలాగూ వస్తుంది. ముందు లైసెన్స్ కానివ్వండి.

వదిన: సరే. గ్రీస్‌లో ఇంజిన్ 30 హెచ్‌పీ లోపుంటే లైసెన్స్ అక్కర్లేదు. నడిపేవాళ్ళకి 18 ఏళ్ళు నిండాలి. 30 దాటితే లైసెన్స్ ఉండాల్సిందే. చాలామంది ఆర్టీవో ఆఫీసులో తీసుకున్న ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ పట్టుకెళ్తారు. అది రోడ్డు మీద తిరగడానికి ఇచ్చిన కాగితం. నీళ్ళ మీద పనికిరాదు.

మరిది: అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఫ్లోరిడా కార్డు ఉందిగా అంటారు.

వదిన: 1988 జనవరి 1న, ఆ తర్వాత పుట్టినవాళ్ళు ఫ్లోరిడాలో 10 హెచ్‌పీ, ఆపైన నడపాలంటే బోటింగ్ సేఫ్టీ కార్డు కావాలి. చుట్టపుచూపుగా వెళ్ళినవాళ్ళు పరీక్ష రాసి 90 రోజుల తాత్కాలిక సర్టిఫికెట్ తీసుకోవచ్చు. అది జాగ్రత్తలు చదువుకున్నారనడానికి రుజువు, అంతే. లైసెన్స్ కాదు. యూరప్‌లో లైసెన్స్ అంటే ఎక్కువగా చూసేది ఐసీసీ, ఇంటర్నేషనల్ సర్టిఫికెట్ ఆఫ్ కాంపిటెన్స్.

మరిది: ఇటలీ?

వదిన: 40 హెచ్‌పీ దాకా, ఒడ్డు నుంచి 6 నాటికల్ మైళ్ళ లోపు అయితే అక్కర్లేదు. స్పెయిన్‌లో 5 మీటర్ల లోపు పడవ, 15 హెచ్‌పీ లోపు ఇంజిన్, పగటిపూట మాత్రమే, రేవు నుంచి 2 నాటికల్ మైళ్ళు దాటకూడదు. క్రొయేషియాలో 5 కిలోవాట్లు దాటిందంటే కాగితం కావాలి. కిలోవాట్లని 1.36తో గుణిస్తే హెచ్‌పీ వస్తుంది, అంటే దాదాపు 6.8. కాబట్టి గ్రీస్‌లో నడిపిన పడవే అక్కడా ఇస్తారనుకుని టికెట్లు కొనేసుకోవద్దు.

మరిది: బాగుంది. అంటే గ్రీస్‌లో దిగడం, పడవ తీసుకోవడం, ఏదైనా చిన్న తీరంలో 5 మీటర్ల లోతున లంగరేసి ఈత కొట్టడం. 10 మీటర్ల తాడు వదిలితే చాలు కదా?

వదిన: ఎక్కడ చాలు? అదేం లెక్క?

మరిది: లోతుకి రెండింతలు వదినా!

వదిన: ఆ లెక్కతో లంగరు లేచిపోతుంది. లంగరు బరువుతో ఆగదు అబ్బాయీ, అడ్డంగా లాగినప్పుడు ఇసుకలోకి దిగబడి ఆగుతుంది. తాడు పొట్టిదైతే పడవ దాన్ని పైకి లాగుతుంది, గునపం పెరికినట్టు ఊడొస్తుంది. లోతు 5 మీటర్లు, నీటి మీద నుంచి పడవ ముక్కు దాకా ఇంకో మీటరు, మొత్తం 6. దానికి ఐదు రెట్లు, 30 మీటర్లు వదలాలి.

మరిది: 30 మీటర్లు వదిలితే గాలి తిరిగినప్పుడల్లా పడవ చుట్టూ తిరుగుతుంది. ఆ చిన్న చోట రాళ్ళకి కొట్టుకోదా?

వదిన: కొట్టుకుంటుంది. నువ్వన్నది నిజమే.

మరిది: మరి తాడు తగ్గించాలిగా?

వదిన: తాడు తగ్గించకు, చోటు మార్చు. చుట్టూ 30 మీటర్లు, దానికి తోడు పడవ పొడవంత ఖాళీ లేని చోట లంగరు వెయ్యకు. జూలై, ఆగస్టుల్లో గ్రీస్ పక్కనున్న ఏజియన్ సముద్రం మీద మెల్టెమి అని ఉత్తరపు గాలి వీస్తుంది, ఆకాశం నిర్మలంగా ఉన్నా సరే. పొద్దున్న అద్దంలా ఉన్న నీళ్ళు మధ్యాహ్నానికి తెల్లటి నురగ కక్కుతాయి. నువ్వు ఈతలో ఉంటే పడవ ఒంటరిగా జారిపోతుంది.

మరిది: నిచ్చెన వెనక ఉంటుంది కదా, లంగరు కూడా వెనకే కట్టేస్తే ఎక్కడం దిగడం తేలికని...

వదిన: వద్దు! అది మాత్రం ఎవ్వరూ చెయ్యొద్దు. వెనక ఇంజిన్ బరువుంది, అంచు తక్కువ ఎత్తులో ఉంది. తాడు అక్కడ కడితే అలకి ఎదురుగా నిలబడేది ఆ అంచే. రెండు అలలు లోపలికి వచ్చాయంటే పడవ బరువెక్కుతుంది, మూడో అల ఇంకా తేలిగ్గా వస్తుంది. ఎప్పుడూ ముక్కుకే కట్టాలి.

మరిది: సరే వదినా, ఒప్పుకున్నా. వరసగా చెప్పండి.

వదిన: తాడు రెండో కొస పడవకి కట్టి ఉందో లేదో మొదట చూడు. ముక్కు గాలికి ఎదురుగా పెట్టు, పడవ ఆగాక లంగరు మెల్లగా దించు, విసరకు. గాలి పడవని వెనక్కి నెడుతుంటే తాడు వదులుతూ పో. కట్టేశాక కాస్త రివర్స్ వేసి బిగించు. ఒడ్డున ఒక చెట్టు, దాని వెనక ఒక ఇల్లు వరసలో చూసి పెట్టుకో. ఆ వరస చెదిరిపోతూ ఉంటే లంగరు జారుతున్నట్టే. ఇంకో మాట, నీళ్ళలో ముదురు మచ్చలు కనిపిస్తే అది పోసిడోనియా గడ్డి, చేపపిల్లలు పెరిగే చోటు. లేత రంగు ఇసుక మీదే లంగరు వెయ్యాలి.

మరిది: ఎత్తేటప్పుడో?

వదిన: తాడు మీదుగా ఇంజిన్‌తో ముందుకు పోకు, ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటుంది. చేత్తో లాక్కుంటూ పో. ఇక ఎర్రతాడు.

మరిది: వచ్చేసింది.

వదిన: ఒక కొస తొడకి, ఇంకో కొస ఇంజిన్ స్విచ్‌కి. నడిపేవాడు పడిపోతే క్లిప్ ఊడి ఇంజిన్ ఆగుతుంది. తాడు కట్టుకోకుండా పడితే పడవ గుండ్రంగా తిరిగి, ప్రొపెల్లర్ తిరుగుతుండగానే మనిషి మీదికి వస్తుంది. ఇంజిన్ అసలు స్టార్ట్ కాకపోయినా ముందు ఆ క్లిప్పే చూడు.

మరిది: మరి తాడుతో సహా మనిషి నీళ్ళలో పడితే, పడవలో మిగిలినవాళ్ళు ఇంజిన్ ఎలా స్టార్ట్ చేస్తారు?

వదిన: అందుకే రేవు వదలకముందే రెండో క్లిప్ అడగాలి. అది ఎక్కడ పెట్టారో పడవలో ఇంకొకళ్ళకి చూపించి, వాళ్ళ చేత ఒక్కసారి పెట్టించి, తీయించి...

మరిది: ఫ్రాన్స్ చెప్పలేదు వదినా.

వదిన: 6 హెచ్‌పీ దాటితే లైసెన్స్. పెట్టించి, తీయించి, అప్పుడు కట్టు విప్పాలి.