రక్తపు మరకలున్న చారిత్రక వస్త్రాన్ని భద్రపరచే పద్ధతి

నమస్కారం. తిరుపతి నుంచి మదురై మీనాక్షి అమ్మవారి దర్శనానికి వెళ్ళేవారు, అక్కడే రాణీ మంగమ్మ పేరుతో ముడిపడిన పాత రాజభవనంలో 1959లో నెహ్రూ గారు ప్రారంభించిన గాంధీ స్మారక మ్యూజియాన్ని కూడా తప్పక చూడాలని నా మనవి. 1948 జనవరి 30 సాయంత్రం, ఢిల్లీ బిర్లా భవన్‌లో ప్రార్థనకు నడిచి వెళుతూ మూడు తూటాలకు నేలకొరిగిన మహాత్ముడు ఆనాడు ధరించిన వస్త్రంలో రక్తపు మరకలున్న భాగం అక్కడ గాజు పెట్టెలో ఉంది. రాజ్‌ఘాట్ దగ్గరి జాతీయ గాంధీ మ్యూజియంలో ఆనాటి వస్త్రాలతో పాటు ఒక తూటానూ భద్రపరిచారు.

అలాంటి మరక ఎర్రగా ఉండదు. రక్తంలోని హిమోగ్లోబిన్ గాలి తగిలి ఆక్సీకరణం చెందడంతో క్రమంగా ముదురు గోధుమ రంగుకు మారుతుంది. చూసేవారికి అది పాత మురికిలా తోచవచ్చు. కానీ ఆ వస్త్రానికి చరిత్రలో ఉన్న విలువంతా ఆ మరకలోనే ఉంది కాబట్టి, దాన్ని ఉతకడం సాక్ష్యాన్ని చెరిపివేయడమే అవుతుంది. చిక్కేమిటంటే, రక్తంలోని మాంసకృత్తులు పురుగులను ఆకర్షిస్తాయి, అందులోని ఇనుము నూలు పోగులను లోలోపల బలహీనపరుస్తుంది. మరకను తాకకుండా, దాని చుట్టూ ఉన్న పరిస్థితులను అదుపులో ఉంచడమే మనం చేయగలిగినది.

అన్నిటికంటే పెద్ద శత్రువు వెలుతురు. అది చేసిన నష్టాన్ని ఏ రసాయనమూ పూడ్చలేదు. అందుకే మ్యూజియాల్లో ఇలాంటి బట్టలపై వెలుతురు 50 లక్స్‌కు (లక్స్ అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) మించకుండా చూస్తారు.

ఇక చేతిపని చూద్దాం. ఈ బల్లమీద ఉన్నది పాత ఖద్దరు ముక్క. మన జిల్లాలో స్వాతంత్ర్య సమరయోధుల ఇళ్ళలో తాతగారి ఖద్దరు ఉంటే, దానికీ ఇదే పద్ధతి పనికివస్తుంది. ముందుగా గంజి లేకుండా ఉతికి ఆరబెట్టిన కోరా గుడ్డను పరచండి. చేతులు శుభ్రంగా కడిగి, పూర్తిగా తుడుచుకుని, వస్త్రాన్ని అంచు పట్టి లాగకుండా, రెండు అరచేతులూ కిందికి పోనిచ్చి ఎత్తండి. మడత పడేచోట, ఇదిగో ఇలా, ఆమ్లరహిత పలుచని కాగితాన్ని మెత్తగా చుట్టి లోపల పెట్టండి. లేకపోతే కొన్నేళ్ళకు ఆ గీత వెంబడే పోగులు తెగిపోతాయి. మరక ఉన్నచోట మాత్రం మడత వేయనే వేయకండి.

కలరా ఉండలు వస్త్రానికి తగలకూడదు. చెక్క నుంచి ఆమ్ల ఆవిర్లు వెలువడతాయి కనుక చెక్క బీరువా అరలో నేరుగా పెట్టకూడదు. ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టడం అంతకన్నా ప్రమాదం, ఎందుకంటే తేమ లోపలే నిలిచి బూజు పడుతుంది. మన తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల తేమ ఎక్కువ కాబట్టి, ఆ నెలల్లో తరచుగా వస్త్రం ఉంచిన పెట్టె తెరిచి, మడతల సందుల్లో బూజు గానీ పురుగు గానీ కనబడుతోందేమో పరిశీలించండి. ఆ వస్త్రం ఎవరిది, ఎప్పటిది, మీ ఇంటికి ఎలా చేరిందన్న వివరాలను పెన్సిలుతో రాసి, ఆ చీటీని పెట్టె మూతకు లోపలివైపు కట్టండి.