పెద్దవారిలో చిగుళ్ళ వ్యాధి: గుర్తులు, చికిత్స

సభకు నమస్కారం.

పన్ను పుచ్చితే ఆ నొప్పి రాత్రి నిద్ర పట్టనివ్వదు కనుక తెల్లవారగానే డాక్టరు దగ్గరికి పరుగెత్తుతాం. చిగుళ్ళ వ్యాధి అలాంటిది కాదు. అది ఏళ్ళ తరబడి నొప్పి తెలియనివ్వకుండానే పంటిని పట్టి ఉంచే ఎముకను కరిగిస్తుంది. అందుకే చాలామంది పన్ను కదలడం మొదలయ్యాక గానీ మా దగ్గరికి రారు.

మొదటి గుర్తు రక్తం. ఉమ్మిన నురగలో ఎర్రటి చార కనిపించినా, కొరికిన జామకాయ మీద రక్తపు మరక అంటినా తేలిగ్గా తీసుకోకండి. రక్తం వస్తోందని ఆ వైపు తోమడం మానేస్తే పాచి ఇంకా పేరుకుని వాపు పెరుగుతుంది. 1965లో డెన్మార్క్‌లో హరాల్డ్ లో (Harald Löe) అనే దంత పరిశోధకుడి బృందం ఆరోగ్యవంతులైన 12 మంది చేత పళ్ళు తోమడం మాన్పించి చూస్తే, మూడు వారాలు తిరిగేలోగా అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ శుభ్రం చేసుకోవడం మొదలుపెట్టాక అందరికీ తగ్గాయి. ఈ దశలో వ్యాధి పూర్తిగా నయమవుతుందని అప్పుడే తేలింది.

ఎముక దాకా పాకితే మాత్రం పోయిన ఎముక చాలావరకు తిరిగి రాదు. నోటి దుర్వాసన, చిగురు జారి పళ్ళు పొడుగ్గా కనబడడం, ముందు పళ్ళ మధ్య కొత్తగా సందులు రావడం ఆ దశకు గుర్తులు. పొగ తాగేవారిలో రక్తం అంతగా కారదు కాబట్టి వ్యాధి ముదిరినా బయటికి తెలియదు; వారు మరింత జాగ్రత్తగా ఉండాలి. డాక్టరు గీతలున్న సన్నని పరికరంతో చిగురుకూ పంటికీ మధ్య లోతు కొలుస్తారు. మూడు మిల్లీమీటర్ల వరకు మామూలే. అంతకు మించి లోతుండి రక్తం కూడా వస్తే ఎక్స్‌రే తీసి ఎముకను చూడాలి.

చికిత్స గార, అంటే పళ్ళకు అంటుకుని గట్టిపడిన పాచి, తీయడంతో మొదలవుతుంది. లోతు ఎక్కువగా ఉన్నచోట మత్తు ఇచ్చి చిగురు కింద వేరు దాకా శుభ్రం చేస్తారు. రెండు మూడు నెలలకు మళ్ళీ కొలిచి, అప్పటికీ లోతు తగ్గని చోట్ల చిన్న ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. యాంటీబయాటిక్ మాత్రలు మాత్రమే మింగితే గార కరగదు. క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయన్న భయం మన ఇళ్ళలో బలంగా ఉంది. నిజానికి ఎముక అప్పటికే తగ్గిపోయి ఉంటుంది; గడ్డకట్టిన గార ఊడాక ఆ కదలిక బయటపడుతుంది, అంతే. కొన్నాళ్ళు చల్లనివి తాగితే జివ్వుమనడం కూడా సహజమే.

షుగరు ఉన్నవారికి ప్రత్యేకంగా చెప్పాలి. షుగరు అదుపు తప్పితే చిగుళ్ళ వ్యాధి ముదురుతుంది. చిగుళ్ళలో వాపు ఉంటే షుగరు అదుపులోకి రావడమూ కష్టమవుతుంది. చిగుళ్ళకు వైద్యం చేయిస్తే మూడు నెలల సగటు షుగరు కొంత తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. అందువల్ల కళ్ళూ పాదాలూ చూపించుకున్నట్టే చిగుళ్ళూ చూపించుకోండి, మీ షుగరు రిపోర్టు పళ్ళ డాక్టరుకు కూడా ఇవ్వండి. ఎముక తగ్గినవారు ఇంట్లో మెత్తని బ్రష్‌తో పాటు పళ్ళ సందుల్లో దూరే చిన్న బ్రష్ రోజూ వాడుతూ, చికిత్స ముగిశాక కూడా మూడు నుంచి ఆరు నెలలకోసారి వచ్చి కొలిపించుకోవాలి.